ఇరవై రెండు గేదెల సీటు

నేను చెప్పబోయేదాంట్లో ఒక్క మాట కల్పించినా నా నోట్లో మిగిలిన నాలుగు పళ్ళూ ఇప్పటికిప్పుడు రాలిపోవాలి. నాలుగులో ఒకటి ఎలాగూ ఊగుతోంది, దాన్ని మాత్రం సాక్ష్యానికి పిలవకండి. మిగతా మూడింటి మీదా ఒట్టుపెట్టి చెప్తున్నాను. జున్నులపాడులో పాలేటి వారి ఇంట్లో జరిగిన సంగతి ఇది, జరిగింది జరిగినట్టే.

పాలేటి వారిది గేదెల బేరం. ఒక సంతలో కొంటారు, నాలుగు నెలలు మేపుతారు, ఇంకో సంతలో అమ్ముతారు. కొట్టంలో ఎప్పుడు చూసినా ఇరవై మూడు గేదెలుండేవి. ఒక్కోటి ఎంతుండేదంటే, అది వీధిలోకొచ్చి నిలబడితే నాలుగిళ్ళ వాళ్ళు పొద్దుగూకిందనుకుని దీపాలు పెట్టేవాళ్ళు. అయినా ఆ ఇంటివాళ్ళకి గేదెల మీద గర్వం లేదు. గర్వమంతా తెలివి మీదే.

"మనకింత తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందంటావ్ అన్నయ్యా?" అని తమ్ముడు అంకమ్మరావు పొద్దున్నే వేపపుల్ల నములుతూ అడిగేవాడు.

"రావటమేంట్రా, ఎప్పుడన్నా పోతేగా" అనేవాడు అన్న పోలేరయ్య.

ఆ ఇంటికి పెద్ద ఆయనే. ఆయన సూత్రం ఒక్కటే. ఎదుటివాడు ఏమన్నాడో అదే చెయ్యాలి, దాని పక్కన మన పైత్యం కలపకూడదు. ఒకసారి పశువుల డాక్టరు కాలు బెణికిన గేదెని చూసి, "రెండ్రోజులు దీన్ని కదలనివ్వకండి" అని చెప్పి వెళ్ళాడు. అంతే. పోలేరయ్య ముందుకాళ్ళు పట్టుకున్నాడు, అంకమ్మరావు వెనకకాళ్ళు పట్టుకున్నాడు, అంకమ్మరావు పెళ్ళాం నాగరత్తం తోక పట్టుకుంది. రెండు పగళ్ళు, రెండు రాత్రుళ్ళు వదల్లేదు. మూడోనాడు గేదె లేచి నడిచింది, వీళ్ళు ముగ్గురూ లేవలేదు.

పోలేరయ్యకి పెళ్ళి కాకపోవటం కూడా తెలివి వల్లే. "ఓసారొచ్చి అమ్మాయిని చూసుకుని వెళ్ళండి" అని పిల్ల తండ్రి కబురు పెట్టేవాడు. ఈయన వెళ్ళేవాడు, చూసేవాడు, వచ్చేసేవాడు. ఏ సంగతీ చెప్పకుండా పోతున్నారేమని వాళ్ళు వెనకాల పరిగెత్తుకొస్తే, "చూసి వెళ్ళమన్నారు, వెళ్తున్నాను, మళ్ళీ ఆపుతారేం?" అనేవాడు. అలా పదిహేడు సంబంధాలు. ఇంకేముంది, ఉన్న ప్రేమంతా తమ్ముడి కూతురు సుప్రజ మీదే పెట్టుకున్నాడు.

ఆ పిల్ల ఇంటరు పాసైంది. మంచి మార్కులే వచ్చాయి. ఒకనాడు పెదనాన్న పక్కన కూర్చుని, "పెదనాన్నా, నాకు ఇంజనీరింగు చదవాలనుంది. ఈ ఒక్కటే అడుగుతున్నా, ఇంకేమీ అడగను" అంది. ఆ పిల్లా పాలేటి పిల్లే కదా. అన్నమాట ప్రకారం ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు. మజ్జిగలో ఉప్పు లేకపోయినా అడగలేదు, కంచంలో అన్నం అయిపోయినా అడగలేదు. అది చూసి పోలేరయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఒరే అంకమ్మా, ఈ పిల్ల చదువు నాది. మనల్ని ఒక్క రూపాయికి కూడా ఎవడూ మోసం చెయ్యకుండా దీన్ని ఇంజనీర్ని చేస్తాను" అని మాటిచ్చాడు.

ఆ వారంలోనే ఊళ్ళోకి టై కట్టుకుని ఒకాయన దిగాడు. హైవే పక్కన కొత్తగా లేచిన ప్రైవేటు యూనివర్సిటీ తరఫున పిల్లల్ని చేర్పించే మనిషట. ఆయన చేతిలో రంగు రంగుల పుస్తకం. అందులో నవ్వుతున్న పిల్లలు, నవ్వుతున్న చెట్లు, నవ్వుతున్న బెంచీలు. "ఖర్చంతా చాలా తక్కువండి" అన్నాడాయన.

"ఎంతో చెప్పు" అన్నాడు పోలేరయ్య. ఆయన నోరు తెరవబోయాడు. పోలేరయ్య గబుక్కున భుజం మీది తువ్వాలు తీసి ఆయన చెయ్యి మీద కప్పేశాడు. పశువుల సంతలో బేరం అలాగే చేస్తారుగా, ధర పైకి అనరు, తువ్వాలు చాటున వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు. పోలేరయ్య లోపల ఆయన వేళ్ళు మూడు పట్టుకున్నాడు, మూడు గేదెలని. ఆయన అదిరిపడి చెయ్యి లాక్కోబోయాడు. పోలేరయ్య వదల్లేదు. ఆయన అయిదు వేళ్ళతోనూ గింజుకున్నాడు.

"అయిదంటున్నాడ్రా" అన్నాడు పోలేరయ్య తమ్ముడితో, మెచ్చుకోలుగా. "గట్టివాడే."

"నాలుగు చూడు అన్నయ్యా."

పోలేరయ్య నాలుగు వేళ్ళు పట్టాడు. ఆయన భయపడి రెండో చెయ్యి కూడా తువ్వాల్లోకి దూర్చాడు.

"వద్దొద్దు, పదికి పోతున్నాడు. అయిదుకే ఖాయం చేసెయ్" అన్నాడు అంకమ్మరావు కంగారుగా.

అంతే. బేరం కుదిరింది. టై కట్టుకున్నాయన వేళ్ళు లెక్కపెట్టుకుంటూ కారెక్కాడు. చిత్రమేంటంటే, యూనివర్సిటీలో ఏడాది చదువు ఫీజు కూడా సరిగ్గా అయిదు గేదెల ఖరీదే అయింది. పోలేరయ్యకి తన తెలివి మీద నమ్మకం ఇంకో మూరెడు పెరిగింది.

మర్నాడు అన్నదమ్ములిద్దరూ సుప్రజని తీసుకుని యూనివర్సిటీకి వెళ్ళారు. ఆ గేటు ఎంతుందంటే, దాని కింద నుంచి నడిచేలోపే అంకమ్మరావుకి ఆకలేసింది. ఫీజుల కౌంటర్లో హిమబిందు అని ఒకావిడ కూర్చుని ఉంది. పొద్దుట్నుంచి వెయ్యిమందికి ఒకే సమాధానం చెప్పి చెప్పి ఆవిడ మొహం కూడా రసీదులాగే అయిపోయింది.

"అమ్మా, చదువు ఫీజు అయిదు గేదెలని తేలిపోయింది" అన్నాడు పోలేరయ్య. "కానీ మేము బేరగాళ్ళం. గేదె కొన్నాక పలుపు వేరే, దూడ వేరే, గంట వేరే అంటే మా దగ్గర కుదరదు. ఈ పిల్ల ఇక్కడ అడుగుపెట్టిన దగ్గర్నుంచి బయటపడే దాకా మీరు ఏమేం పుచ్చుకుంటారో అన్నీ ఇప్పుడే చెప్పు. ఒక్కటి కూడా దాచకు."

హిమబిందు బల్ల కింద నుంచి కాగితం తీసి ఇచ్చింది. కాగితమంటే కాగితం కాదు, విప్పుతూ పోతే అంకమ్మరావు ఒక కొస పట్టుకుని గుమ్మం దాటి, వరండా దాటి, సైకిళ్ళ స్టాండు దగ్గర ఆగాడు. అక్షరాలు చీమలంత. పోలేరయ్య ఒక్కోటీ చదివాడు. హాస్టలు మూడు గేదెలు. మెస్సు రెండు గేదెలు, తిన్నా తినకపోయినా. బస్సు ఒక గేదె, ఎక్కినా ఎక్కకపోయినా. కంప్యూటర్ల గది ఒక పడ్డ, అంటే ఇంకా ఈనని పిల్లగేదె. ఈతకొలను ఒక పడ్డ. సామాను పగిలితే విరిగితే పట్టుకునేందుకు డిపాజిట్టు ఒక గేదె, ఏమీ పాడవకపోతే వెళ్ళేటప్పుడు తిరిగిస్తారు. ఆ కింద ఇంకా ఇంకా ఉన్నాయి. గుర్తింపు కార్డు పోగొట్టుకుంటే ఇంత. పుస్తకం ఆలస్యంగా ఇస్తే ఇంత. తరగతికి సరిగ్గా రాకపోతే ఇంత. క్రమశిక్షణ తప్పితే ఇంత. పరీక్ష ఫెయిలైతే మళ్ళీ రాయటానికి ఒక్కో సబ్జెక్టుకి ఇంత.

"సరే, అన్నీ కట్టేస్తాం" అన్నాడు పోలేరయ్య.

హిమబిందు మొదటిసారి తలెత్తింది. "పెద్దాయనా, ఇవన్నీ అందరికీ పడవు. కింద ఉన్నవి తప్పు చేసినవాళ్ళకి."

"మా పిల్ల ఏం చేస్తుందో ఇప్పుడే నీకెలా తెలుసు?"

"తెలీదండీ. అందుకే జరిగినప్పుడు కడతారు."

"అదిగో, పలుపు వేరే అంటోందిరా" అన్నాడు పోలేరయ్య తమ్ముడితో. మళ్ళీ ఆవిడ వైపు తిరిగి, "చూడు తల్లీ, మొత్తం ఖర్చు చెప్పమన్నాను, నువ్వు ఈ కాగితం ఇచ్చావు. ఇది మొత్తమా కాదా?"

"మొత్తమేనండీ."

"మరి మొత్తం కట్టనివ్వకుండా అడ్డుపడతావేం? మాకు ఇవ్వకుండా కొన్ని ఎగ్గొడదామనా?"

ఆవిడ లోపలి గదిలోకి వెళ్ళి పెద్ద సారుని అడిగింది. కట్టేవాళ్ళని ఆపే అలవాటు మన సంస్థలో లేదన్నాడాయన. అంతే. పాలేటి వారు ఇంటికెళ్ళి ఇరవై రెండు గేదెల్ని అమ్మారు. కొట్టంలో చుక్క గేదె ఒక్కటే మిగిలింది. ఊరంతా ముక్కున వేలేసుకుంటే నాగరత్తం మాత్రం గర్వంగా, "మిగతావాళ్ళు పిల్లల్ని చేర్పించి నాలుగేళ్ళూ కట్టుకుంటూ ఏడుస్తారు. మా బావగారు ఫెయిలవటానికి కూడా ముందే కట్టేశారు" అని ఇంటింటికీ చెప్పొచ్చింది.

సుప్రజని హాస్టల్లో దింపేటప్పుడు డిపాజిట్టు గుర్తొచ్చింది. గేదె ఖరీదది, పోగొట్టుకుంటామా. "అమ్మాయ్, ఏదీ పాడవకూడదు" అన్నాడు పోలేరయ్య. ఇంకేముంది, నాగరత్తం మంచానికి గోనెసంచులు చుట్టింది, అంకమ్మరావు పలుపుతాడుతో బిగించి కట్టాడు. కుర్చీని పైకెత్తి అటక మీద పెట్టారు. బల్బుకి గుడ్డ చుట్టారు. సుప్రజ తన చాప తను వేసుకుని వరండాలో పడుకుంది. తలుపు అరిగిపోతుందని కిటికీలోంచి రాకపోకలు సాగించింది. హాస్టలు వార్డెను వచ్చి చూసి, "ఈ గదిలో మంచం చచ్చిపోయిందా ఏంటి, ఇలా కట్టారు?" అని అడిగింది.

వారం తిరక్కుండానే పోలేరయ్యకి ఇంకో దిగులు పట్టుకుంది. ఈతకొలనుకి ఒక పడ్డ ఖరీదు కట్టాం కదా, సుప్రజకి ఈత రాదు. ఆ పడ్డ ఖరీదు నీళ్ళలో పోయినట్టే కదా అని ఆయనకి అన్నం సయించలేదు. ఆలోచించి ఆలోచించి లేచాడు. "ఒరే అంకమ్మా, మనింట్లో ఈత వచ్చింది ఎవరికి?"

అంకమ్మరావు ఇల్లంతా చూశాడు. "చుక్కకే అన్నయ్యా."

అంతే. చుక్క గేదెని ముప్ఫై మైళ్ళు నడిపించుకుని యూనివర్సిటీకి తీసుకెళ్ళారు. గేటు దగ్గర సెక్యూరిటీ వాడు ఆపితే రసీదు చూపించారు. వాడు రసీదు చూశాడు, గేదెని చూశాడు. రసీదు అసలుదే. వదిలేశాడు. చుక్క ఆ నీలం నీళ్ళలోకి దిగి, నాలుగు కాళ్ళూ చాపి, కళ్ళు మూసుకుంది. కొలనులో ఉన్న పిల్లలంతా ఒక్క అరుపు అరిచి గట్టెక్కారు. సాయంత్రానికి ఆ నీళ్ళు కాఫీ రంగులోకి తిరిగాయి. అందులో చేరిన పేడ ఎంతుందంటే, ఆ ఏడు యూనివర్సిటీ తోటకి ఎరువు కొనలేదట.

కౌంటరు దగ్గరికి పిలిపించారు. "ఇది క్రమశిక్షణ తప్పటం. జరిమానా కట్టాలి" అంది హిమబిందు.

పోలేరయ్య తాపీగా కాగితం విప్పాడు. "ఇదిగో, క్రమశిక్షణ తప్పితే ఇంత. కట్టేశాం. టిక్కు పెట్టుకో."

ఆవిడ చూసింది. కట్టేసి ఉంది. టిక్కు పెట్టుకుంది.

అన్నదమ్ములిద్దరూ చుక్కని తోలుకుని ఇంటికొస్తూ దారంతా పొంగిపోయారు. "చూశావా అన్నయ్యా, ముందే కట్టటం ఎంత మంచిదైంది" అన్నాడు అంకమ్మరావు. పోలేరయ్య నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. మొహం నల్లబడింది. "ఒరే, దీని కిందవన్నీ అలాగే ఉండిపోయాయి కదరా. కార్డు పోగొట్టుకోవటం వాడుకోలేదు, పుస్తకం ఆలస్యం వాడుకోలేదు, ఫెయిలవటం వాడుకోలేదు. అన్నిటికీ గేదెలు పోశాం. ఈ పిల్ల బుద్ధిగా ఉండి మనల్ని ముంచేస్తోంది."

ఆ రోజే సుప్రజకి ఫోను చేశాడు. "అమ్మా, నువ్వు కార్డు పోగొట్టుకోవాలి."

"ఎక్కడ పెదనాన్నా?"

"ఎక్కడో నీకు తెలియకూడదు. తెలిస్తే పోయినట్టు కాదు."

పాపం ఆ పిల్ల కళ్ళకి గంతలు కట్టుకుని గిరగిరా తిరిగి కార్డు విసిరేసింది. అది పోయి వార్డెను నెత్తిన పడింది, ఆవిడ తెచ్చిచ్చింది. మళ్ళీ విసిరింది, తోటమాలి తెచ్చిచ్చాడు. ఆ మనుషులు ఎంత మంచివాళ్ళంటే, పదకొండు సార్లు తెచ్చిచ్చారు. పన్నెండోసారి మెస్సు సాంబారులో పడింది. ఆ సాంబారులో పడిందేదీ ఎవరికీ దొరికిన దాఖలా లేదు కాబట్టి, అక్కడికి ఆ పద్దు తీరింది.

పుస్తకం ఆలస్యం తేలికే, ఒకటి తెచ్చి అటక మీద కుర్చీ పక్కన పడేసింది. తరగతికి రాకపోవటం మాత్రం ఆ పిల్లకి కష్టమనిపించింది. ఎందుకంటే దానికి పాఠాలు నచ్చాయి. వరసగా రోజులు మానెయ్యాలి కదా. తరగతి బయట చెప్పులు విడిచే చోట కూర్చుని, పేరు పిలిచినప్పుడు పలక్కుండా, పాఠం చెప్పేటప్పుడు మాత్రం చెవి గోడకి ఆనించి వినేది. అంత విన్నా పెదనాన్న మాట మీద నిలబడి పరీక్షలో ఒక్క అక్షరం రాయలేదు. ఆరు సబ్జెక్టులకీ ఆరు తెల్ల కాగితాలు ఇచ్చి వచ్చింది. మీదన పేరు మాత్రం అందంగా రాసింది.

ఫలితాలొచ్చాయి. సుప్రజ ఫోను చేసింది.

"పెదనాన్నా, తప్పయిపోయింది."

"ఏమైంది తల్లీ?"

"పాసైపోయాను. ఫస్టు క్లాసు."

పోలేరయ్య వేళ్ళ మీద లెక్కేశాడు. ఆరు సబ్జెక్టుల ఫెయిలు ఖరీదు. రెండు గేదెలు. అంతే, తెల్లారగట్ల మొదటి బస్సుకి తమ్ముణ్ణి వెంటేసుకుని వెళ్ళి కౌంటరు ముందు నిలబడ్డాడు. "ఏమ్మా, మేము ఫెయిలుకి డబ్బు కట్టాం. మీరు పాసు ఇస్తారా?"

"మా దగ్గర ఎవరూ ఫెయిలవరండీ" అంది హిమబిందు. "బయట పెద్ద బోర్డు చూడలేదా, నూటికి నూరు మంది పాసు."

"ఎవరూ ఫెయిలవనప్పుడు ఫెయిలు ఫీజు ఎందుకు పుచ్చుకున్నారు?"

"కాగితంలో ఉంది కాబట్టి."

"ఆ పిల్ల ఒక్క అక్షరం రాయలేదమ్మా."

"రాయలేదని మీరంటారు. తప్పు రాయలేదని మేమంటాం. తప్పే లేకపోతే ఎలా ఫెయిల్ చేస్తాం?"

పోలేరయ్యకి ఆ మాట నచ్చింది. తనకన్నా తెలివైనవాళ్ళు కనిపించటం అదే మొదలు. పోనీలే అని కాగితం మళ్ళీ విప్పి, ఇంకా వాడుకోనిది ఏమన్నా మిగిలిందా అని వేలు పెట్టి వెతికాడు. అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఒకటి కనిపించింది. సీటు రద్దు చేసుకుంటే ఇంత.

"ఇది కట్టామా?"

"కట్టారు."

"మరి ఇవ్వలేదేం?"

హిమబిందు ఆయన మొహంలోకి చూసింది. "పెద్దాయనా, అది తీసుకుంటే అమ్మాయి ఇంటికొచ్చేస్తుంది."

"కట్టిన సరుకు కట్టినవాడికి ఇవ్వటానికి నీకేంటమ్మా బాధ?"

లోపల్నుంచి పెద్ద సారు గొంతు వినిపించింది, అడిగింది ఇచ్చెయ్యమని. ఇంకేముంది. సీటు ఇవ్వటానికి నలభై రోజులు తిప్పిన ఆఫీసు, సీటు తీసెయ్యటానికి నాలుగు నిమిషాలు తీసుకుంది. ముద్ర పడింది. హాస్టలు గది చూసొచ్చారు. మంచం గోనెసంచుల్లో కొత్తగా నిగనిగలాడుతోంది, కుర్చీ అటక మీద భద్రంగా ఉంది, ఒక్క గీత పడలేదు. డిపాజిట్టు మొత్తం తిరిగిచ్చారు. ఆ యూనివర్సిటీ పుట్టాక డిపాజిట్టు పూర్తిగా తిరిగి తీసుకున్నవాడు పోలేరయ్య ఒక్కడే. అందరూ వచ్చి వింతగా చూసి వెళ్ళారు.

సుప్రజ పెట్టె పట్టుకుని గేటు బయటికొచ్చింది. ఆ పెట్టె మీదే కూర్చుంది. అన్నదమ్ములు డిపాజిట్టు నోట్లు ఒకరికొకరు చూపించుకుని మురుస్తున్నారు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకోవటం పోలేరయ్య కంటపడింది.

"ఏమ్మా, ఏం కావాలో అడుగు."

"అడగను పెదనాన్నా. ఇంకేమీ అడగనని చెప్పాగా." "అడగట్లేదు, చెప్తున్నానంతే. వచ్చే నెల్లో కరెంటు పాఠం మొదలుపెడతామన్నారు. గోడ అవతల్నుంచే అయినా వినాలనుంది."

పోలేరయ్యకి గుండె కలుక్కుమంది. అన్ని గేదెల్ని అమ్మినప్పుడు కూడా అంత బాధపడలేదు. కాగితం మళ్ళీ విప్పాడు. విప్పి, రద్దు కింద ఇంకో వరస ఉందేమోనని మడత తీశాడు. ఉంది. రద్దు చేసుకున్నవాళ్ళు మళ్ళీ చేరితే ఇంత. కట్టేసే ఉంది. "లేమ్మా, లే" అని ఆ పిల్లనీ పెట్టెనీ ఒకే చేత్తో లాక్కుంటూ లోపలికి పరిగెత్తాడు.

హిమబిందు ఈసారి ఆశ్చర్యపోలేదు. "మళ్ళీ చేరికకి కట్టారు, నిజమే, చేర్చుకుంటాం. కానీ మళ్ళీ మొదటి ఏడాదే. ఆ ఏడాది ఫీజులన్నీ కొత్తగా కట్టాలి" అని ఇంకో కాగితం ఇచ్చింది. ఇది కూడా సైకిళ్ళ స్టాండు దాకా వచ్చింది.

చేతిలో ఉన్నది డిపాజిట్టు. చుక్కని అమ్మితే ఇంకొంత. గేదెలే లేనప్పుడు కొట్టం ఎందుకని కొట్టం, కొట్టం కింద స్థలం, వెనక జొన్నచేను కూడా అమ్మేద్దామనుకున్నాడు పోలేరయ్య. అన్నీ కలిపి వేళ్ళ మీద లెక్కేస్తే కాగితం మొత్తానికి అయిదు గేదెలు తగ్గాయి. తల పట్టుకున్నాడు.

ఎన్నడూ లేనిది హిమబిందుకి జాలేసింది. లోపలి గది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "బాబాయిగారూ, నా మాట వినండి. ఏమీ అమ్మొద్దు. ఒక్క చదువు ఫీజు కట్టండి, దానికి ఎక్కడో అప్పు చేసుకోండి. అమ్మాయి ఇంటి దగ్గర్నుంచే బస్సులో వచ్చిపోతుంది. హాస్టలొద్దు, మెస్సొద్దు, ఈతకొలనొద్దు. ఈ జరిమానాల జోలికి అసలు పోవద్దు. పైన ఉన్న ఈ ఒక్క వరస చాలు."

పోలేరయ్య చాలాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తుంటే కౌంటరు మీది ఫ్యాను కూడా నెమ్మదించింది. ఆ తర్వాత ఆయన మొహం విప్పారింది. తమ్ముణ్ణి పక్కకి పిలిచాడు.

"ఒరే, ఈవిడ మంచిదే కానీ బేరం తెలీదు. విను. మంచం ఇక్కడే వదిలేసి రావాలి, అంటే మళ్ళీ కొనాల్సిందే. తిన్న అన్నం అరిగిపోయింది, మళ్ళీ కొనాల్సిందే. ఎక్కిన బస్సు వెళ్ళిపోయింది, నీళ్ళు మారిపోయాయి, కార్డు సాంబారులో పోయింది. అన్నీ అయిపోయాయి. అయిపోనిది ఏంటి?"

అంకమ్మరావు జేబులు తడిమి చూసుకున్నాడు.

"చదువురా. అది పిల్ల తలలోనే ఉంది, ఎక్కడికీ పోలేదు. పాసైందని వీళ్ళే కాగితం కూడా ఇచ్చారు. ఉన్నదాన్ని మళ్ళీ కొనమంటోంది, అదీ అన్నిట్లోకీ ఖరీదైనదాన్ని. సరిగ్గా అయిదు గేదెలు. మనకి తగ్గింది ఎంత?"

"అయిదే అన్నయ్యా" అన్నాడు అంకమ్మరావు, కళ్ళు చెమ్మగిల్లుతుండగా.

అంతే. అన్నీ అమ్మారు. పోలేరయ్య కలం అడిగి తీసుకుని, కాగితంలో మొట్టమొదటి వరస ఒక్కటీ అడ్డంగా కొట్టేసి, దాని కింద ఉన్నవన్నీ చివరి చీమ తలకాయ దాకా కట్టేశాడు. హిమబిందు కంప్యూటర్లోకి ఎక్కించింది. చదువు ఫీజు లేకుండా మిగతావన్నీ తీసుకోవటానికి కంప్యూటరు ఒప్పుకోదనుకుంది. అది గుక్క తిప్పుకోకుండా తీసుకుని రసీదు కక్కింది.

సుప్రజకి హాస్టల్లో మంచం వచ్చింది, మెస్సులో కంచం వచ్చింది, బస్సులో కిటికీ పక్క సీటు వచ్చింది, మెళ్ళో కొత్త కార్డు వచ్చింది. కరెంటు పాఠం మొదలయ్యే రోజు పొద్దున్నే తల దువ్వుకుని తరగతి దగ్గరికి వెళ్ళింది. గుమ్మంలో మనిషి పేర్ల పట్టీ చూసి, "నువ్వు అన్నిట్లోనూ ఉన్నావు కానీ ఇందులో లేవమ్మా" అన్నాడు. చెప్పులు విడిచే చోట కూర్చోబోతే, అది కూడా తరగతి కిందికే వస్తుందన్నాడు. ఎందుకని ఆ పిల్ల అడగలేదు.

అన్నదమ్ములిద్దరూ జున్నులపాడు బస్సులో కూర్చున్నారు. పక్క సీటు వాడు ఎక్కణ్ణుంచి వస్తున్నారని అడిగితే, "మా అమ్మాయిని యూనివర్సిటీలో చేర్పించి వస్తున్నాం" అన్నాడు పోలేరయ్య. "వాళ్ళు నలభై ఏడు రకాలు అమ్ముతారు. అందులో అక్కర్లేనిది ఒక్కటుంది. అదేదో కనిపెట్టటానికి మాకు ఒక ఏడాది పట్టింది, ఊరికే చెప్తున్నాను, నువ్వూ రాసుకో." వాడు నిజంగానే రాసుకున్నాడు.

సరే, ఇహ నవ్వింది చాలు. ఒరే మనవడా, నువ్వు లే. ఆ గూట్లో కరెంటు బిల్లుంది, ఇవాళే ఆఖరు రోజు, పరిగెత్తుకెళ్ళి కట్టేసిరా. పైన ఎంతుందో అంతే కట్టు. గడువు దాటితే ఇంత అని కింద ఇంకోటి రాసుంటుంది, నీ పుణ్యముంటుంది, అది మాత్రం కట్టి రాకు.